పగలు ధ్రువ నక్షత్రం ఉండదు: ఏప్రిల్ 8 గ్రహణానికి ఎనిస్‌లో రిహార్సల్

మార్చి 24, 2024, ఆదివారం

నిన్న టెక్సస్‌లో ఎనిస్ దగ్గరి బార్డ్‌వెల్ సరస్సు ఒడ్డు పార్కులో సూర్యగ్రహణం ఫోటోల కోసం చేసిన రిహార్సల్‌లో సూర్యుడు 36 నిమిషాలకే ఫ్రేము అంచు తాకాడు. ట్రాకర్ (సూర్యుడి వెంటే కెమెరాని తిప్పే మోటారు పరికరం) ఆన్‌లో ఉంది, సూర్యుడి వేగానికి సరిపోయే సోలార్ రేటులోనే ఉంది, బ్యాటరీలు కొత్తవి. అయినా బొమ్మ నెమ్మదిగా, ఆగకుండా, ఒకే దిక్కుకి జరుగుతూ పోయింది. గ్రహణానికి ఇంక పదిహేను రోజులుంది. రాత్రంతా దీని గురించే ఆలోచన. తెల్లారి లేచి కొలతలన్నీ కాగితం మీద పెట్టాను. ఇప్పుడు కొంత అర్థమైంది, కొంత ఇంకా మిగిలే ఉంది.

ముందు చోటు సంగతి. మేముండే ప్లేనో కూడా సంపూర్ణ గ్రహణం దారిలోనే ఉంది, కానీ అంచుకి దగ్గర. డాలస్ డౌన్‌టౌన్‌లో 3 నిమిషాల 50 సెకన్లు. ఐ-45 హైవే మీద దక్షిణంగా వెళ్తే ఎనిస్‌లో 4 నిమిషాల 23 సెకన్లు. గంట కారు ప్రయాణానికి అర నిమిషం పైన చీకటి అదనంగా దొరుకుతుంటే ఇంట్లో కూర్చునే ప్రశ్నే లేదు. డాలస్‌కి ఇంతకుముందు సంపూర్ణ గ్రహణం 1878లో వచ్చింది, మళ్ళీ 2317లో గాని రాదు. ఎనిస్ ఊళ్ళోని పార్కులు కాకుండా సరస్సు వైపు ఎంచుకోవడానికి కారణం దక్షిణం ఖాళీగా ఉండడం. పైగా ఏప్రిల్ మొదట్లో అక్కడ రోడ్ల పక్కన బ్లూబానెట్ పూలు విరగబూస్తాయి. మా ఆవిడ అసలు ఒప్పుకున్నది వాటి కోసమే.

పనిచేసినవి రెండు మాటల్లో చెప్పేస్తాను. సూర్యకాంతిని తగ్గించే బాడర్ ఫిల్మ్‌ని అట్టముక్కల మధ్య పెట్టి చేసిన ఫిల్టర్ టోపీ గాలికి కదల్లేదు, ఒక్క చేత్తో ఊడి వస్తోంది. కెమెరాని నడిపే ఎక్లిప్స్ ఆర్కెస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన షాట్ల వరుస మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా నడిచింది.

ఇక ట్రాకర్. నాది స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్. దాని మీద కెనాన్ 7డీ మార్క్ 2, 400 ఎంఎం ఎఫ్/5.6 లెన్స్. ఈ లెన్స్ పాతదైనా ఇప్పటికీ ఇంత తేలికగా, ఇంత పదునుగా ఉండేది ఆ ధరలో నాకు ఇంకోటి కనపడలేదు. 400 ఎంఎంకి సెన్సార్ మీద సూర్యుడి బొమ్మ 3.7 మిల్లీమీటర్లు. సెన్సార్ ఎత్తు 15 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో సూర్యుడు పావు వంతు. చుట్టూ కరోనాకి (సంపూర్ణంలో సూర్యుడి చుట్టూ కనపడే వెలుగుకి) చోటు కావాలి కాబట్టి ఇంతకన్నా దగ్గరికి వెళ్ళను. ఈ ఏడు సూర్యుడి చురుకుదనం గరిష్ఠానికి దగ్గరగా ఉంది. కరోనా ఒకటి రెండు వైపులకే సాగకుండా అన్ని వైపులా పరుచుకుంటుందని ఆశ.

ట్రాకర్ సరిగ్గా తిరగాలంటే దాని అక్షం భూమి అక్షానికి సమాంతరంగా, అంటే దాదాపు ధ్రువ నక్షత్రం వైపు, ఉండాలి. రాత్రిపూట అయితే ధ్రువ నక్షత్రాన్ని పోలార్ స్కోపులోకి (అక్షం లోపలి గురి గొట్టంలోకి) తెచ్చుకుంటే పని అయిపోతుంది. పగలు ఆ వీలు లేదు. ఎత్తు కోణం అక్షాంశాన్ని బట్టి 32.3 డిగ్రీలు పెట్టాలి, దిశ ఫోన్ దిక్సూచితో చూసుకోవాలి. నిన్న అలాగే పెట్టాను. 12:40కి సూర్యుణ్ణి నడిమధ్యలో పెట్టి, అయిదు నిమిషాలకో ఫోటో తీస్తూ పోయాను. పది నిమిషాలకి బొమ్మ దాదాపు తన వెడల్పులో సగం దక్షిణానికి జరిగింది. ఇరవై నిమిషాలకి ఒక సూర్యుడంత కాస్త తక్కువ. 36 నిమిషాలకి అంచు. లెక్కేస్తే గంటకి రెండున్నర సూర్యుళ్ళు, అంటే సుమారు 1.3 డిగ్రీలు. గ్రహణం పట్టడం 12:23కి, పూర్తిగా విడవడం 3:02కి. ఈ లెక్కన మధ్యలో కెమెరాని మళ్ళీ మళ్ళీ సర్దాలి. సంపూర్ణం ఉండే నాలుగు నిమిషాల్లో ఈ జరుగుడు పెద్దగా తెలియదు, నిజమే. కానీ పట్టు నుంచి విడుపు దాకా ఒకే ఫ్రేములో, చెయ్యి పెట్టకుండా రావాలన్నది నా పట్టుదల. చీకటి పడ్డాక నేను కెమెరా వైపు కాదు, ఆకాశం వైపు చూడాలి.

తప్పు ఎక్కడుందో ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. సోలార్ రేటులో తేడా ఉంటే బొమ్మ తూర్పు పడమరలుగా జరగాలి. ఇక్కడ జరిగింది ఉత్తర దక్షిణాలుగా. కాబట్టి మోటారు తప్పు కాదు. ఎత్తు కోణంలో తేడా ఉంటే? సూర్యుడు నడినెత్తి గీత (నెత్తి మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే గీత) దగ్గర ఉన్నప్పుడు ఎత్తు కోణం తప్పు ఈ దిక్కుకి దాదాపు ఏమీ జరపదు. నిన్న ఎనిస్‌లో సూర్యుడు ఆ గీత దాటింది 1:33కి, నా కొలతలన్నీ దానికి గంటలోపే. వాన తడికి నల్లరేగడి మెత్తబడి ట్రైపాడ్ కాళ్ళు దిగాయేమో అనుకున్నాను గాని, లెవెల్ బుడగ మొదట ఎక్కడుందో చివరా అక్కడే ఉంది. మిగిలింది దిశ ఒక్కటే. గంటకి 1.3 డిగ్రీలు జరగాలంటే ట్రాకర్ అక్షం ఉత్తరం నుంచి 6 డిగ్రీలు పక్కకి ఉండాలి. దక్షిణానికి జరిగింది కాబట్టి తూర్పుకి తిరిగి ఉంది.

ఆరు డిగ్రీలు! డాలస్ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి తూర్పుగా రెండున్నర డిగ్రీలు ఉంటుంది. దిక్కు సరిపోతోంది, కొలత సరిపోవట్లేదు. పైగా యాప్‌లో అసలు ఉత్తరమే ఎంచి ఉంది. అప్పుడు ఫోన్‌ని ట్రాకర్ మీద ఆనించి చూసి, అలాగే ఒక అడుగు పైకి లేపి చూశాను. రీడింగ్ నాలుగు డిగ్రీలు మారింది. ట్రాకర్ లోపలి మోటారు, పక్కనే కెమెరాకి సాటిగా పెట్టిన ఉక్కు బరువు (కౌంటర్‌వెయిట్), రెండు గజాల అవతల కారు. ఇంత ఇనుము మధ్య ఫోన్‌లోని చిన్న సెన్సార్‌ని నమ్మడం అనవసరం. పగటి అలైన్‌మెంట్‌కి ఫోన్ యాప్ చాలు అని చెప్పే వీడియోలన్నీ వైడ్ యాంగిల్ లెన్సులకి సరిపోతాయేమో గాని, 400 ఎంఎంకి ఏ మాత్రం సరిపోవు.

మధ్యాహ్నం రెండింటికి రెండో ప్రయత్నంగా సూంటో అద్దం దిక్సూచి తీశాను. ట్రైపాడ్‌కి రెండు మీటర్లు వెనక నిలబడి, అక్షం వెంబడి గురి చూసి తిప్పాను. ఈసారి జరుగుడు గంటకి 0.9 సూర్యుడికి తగ్గింది, కానీ ఉత్తరం వైపుకి. అంటే ఇప్పుడు పడమరకి దాదాపు రెండు డిగ్రీలు. చేత్తో పట్టుకున్న దిక్సూచితో ఇంతకన్నా మెరుగ్గా రాదని నా అభిప్రాయం. వస్తువు మంచిదే, పద్ధతికే అది హద్దు.

అప్పుడు తట్టింది: దిక్కు తెలుసుకోవడానికి సూర్యుడే ఉండగా అయస్కాంతం ఎందుకు? మనవాళ్ళు నేల మీద వృత్తం గీసి మధ్యలో శంకువు నిలబెట్టి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోటు, మధ్యాహ్నం తాకిన చోటు కలిపి తూర్పు పడమరలు తీసేవారు. సూర్య సిద్ధాంతంలో ఉన్నది ఇదే. గుడి కట్టినా ఇల్లు కట్టినా దిక్కులు అలాగే పెట్టేవారు. నాకు ఫోన్లో కచ్చితమైన సమయం ఉంది కాబట్టి వృత్తం కూడా అక్కర్లేదు. ఏ నిమిషానికి సూర్యుడు ఏ దిశలో ఉంటాడో లెక్క ఉంటుంది, నీడ దానికి సరిగ్గా ఎదురు.

ఈ పొద్దున ఇంటి డ్రైవ్‌వేలో చేసి చూశాను. ట్రైపాడ్ నుంచి 1.2 మీటర్ల ఎత్తున దారానికి బరువు కట్టి వేలాడదీశాను. టెక్సస్ గాలికి దారం ఊగడం మొదటి చికాకు. బరువుని బకెట్ నీళ్ళలో మునిగేలా పెడితే ఊగడం ఆగింది. రెండో చికాకు నీడ మసక. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ కాబట్టి మధ్యాహ్నానికి దారం పైకొస నీడ 13 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. దాని నడుమ గుర్తించడంలో 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా 70 సెంటీమీటర్ల నీడ మీద పావు డిగ్రీ మాత్రమే తేడా. అది చాలు. మూడోది సమయం. మధ్యాహ్నం సూర్యుడు ఎత్తుగా ఉన్నప్పుడు దిశ నిమిషానికి అర డిగ్రీ మారుతుంది, గ్రహణం రోజు ఇంకా ఎత్తు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. అందుకే పొద్దున తొమ్మిదిన్నరకే చేసుకోవాలి. అప్పుడు నీడ పొడుగ్గా ఉంటుంది, దిశ నెమ్మదిగా మారుతుంది.

నేల మీద ఉత్తరం గీత చక్కగా వచ్చింది. అసలు ఇబ్బంది ఆ గీతని ట్రాకర్‌కి ఎక్కించడంలో వచ్చింది. ట్రాకర్ ఒళ్ళు బారెడు పొడుగుండదు, గట్టిగా జానెడు. దాని పక్కన కర్ర ఆనించి గీతకి సమాంతరం చేస్తే, 20 సెంటీమీటర్లలో 3 మిల్లీమీటర్లు తేడా వచ్చినా 0.9 డిగ్రీలు పోయినట్టే. పోలార్ స్కోపు తీసేసి ఆ గొట్టంలోంచి గీత మీదుగా దూరంగా పాతిన కర్రని చూడచ్చేమో అనుకున్నాను, కానీ గొట్టం 32 డిగ్రీలు పైకి చూస్తూ ఉంటుంది. అక్షాన్ని కాసేపు సున్నా డిగ్రీలకి దించి, కర్రని చూసి, మళ్ళీ లేపాలి. ఈ ట్రాకర్ వెడ్జ్ (అక్షం ఎత్తు, దిశ సర్దే అడుగు భాగం) లేపుతున్నప్పుడు కొంచెం పక్కకి మెలిక పడుతుందని నా అనుమానం. ఎంతో ఇంకా కొలవలేదు.

కొలతలన్నీ చూశాక ఒక దారి తోచింది. గ్రహణం పట్టేముందు కూడా సూర్యుడు కనపడుతూనే ఉంటాడు కదా, ఆ సమయాన్నే సరిచేసుకోవడానికి వాడాలి. అక్షం ఒక డిగ్రీ తప్పితే పది నిమిషాల్లో సెన్సార్ మీద సూర్యుడి అంచు 60 పిక్సెళ్ళు పైచిలుకు జరుగుతుంది. లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే ఇది సులువుగా కనపడుతుంది. దక్షిణానికి జరిగితే అక్షాన్ని పడమరకి తిప్పాలి, ఉత్తరానికి జరిగితే తూర్పుకి. నీడతో ఒక డిగ్రీ లోపుకి తెచ్చుకుని, 11:30 నుంచే ఈ పద్ధతి మొదలుపెడితే గ్రహణం పట్టేలోపు పావు డిగ్రీకి తేవచ్చు. లాప్‌టాప్ తెర ఎండకి కనపడాలంటే అట్టపెట్టెలో పెట్టి నల్లగుడ్డ కప్పుకోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ రోజు ఎనిస్‌లో సూర్యుడు నడినెత్తి గీత దాటేది 1:28కి. సంపూర్ణం మొదలయ్యేది 1:40కి. అంటే కెమెరా ట్రైపాడ్‌కి తగలకుండా అటు నుంచి ఇటు తిప్పాల్సిన గీత అతి ముఖ్యమైన ఘట్టానికి పన్నెండు నిమిషాల ముందే వస్తుంది. అందుకే మొదటి నుంచీ కౌంటర్‌వెయిట్ పైకి ఉండేలా, కెమెరా తూర్పు వైపు ఉండేలా పెట్టి మొదలుపెడతాను. గీత దాటాక అదే సరైన వైపు అవుతుంది. మధ్యలో తిప్పే పనే ఉండదు.

అమ్మ ఫోన్ చేసి పాపని బయటికి తీసుకెళ్ళాలా అని అడిగింది. ఇండియాలో ఈ గ్రహణం కనపడదు, అక్కడ అప్పుడు అర్ధరాత్రి. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్ళినప్పుడు నాన్న తలుపులేసుకుని ఇంట్లోనే కూర్చున్నారట. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది. అంతకుముందు 1868 ఆగస్టు 18న ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మా గుంటూరు దాకా వచ్చి, గ్రహణంలో సూర్యుడి అంచు మంటల వర్ణపటంలో మెరిసే గీతలు చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకపోయినా వాటిని చూడగలిగాడు. గుంటూరులో పుట్టి ఇది తెలిశాక నాకు గ్రహణం అంటే ఇంట్లో కూర్చునేది కాదు. సూర్యుణ్ణి చూసే కళ్ళజోళ్ళు ఐఎస్‌ఓ 12312-2 భద్రతా ప్రమాణం ఉన్నవే తెచ్చాను, పూర్తిగా చీకటైన ఆ నాలుగు నిమిషాలు మాత్రమే తీస్తాం అని అమ్మకి వివరంగా చెప్పాను. పాపని జాగ్రత్తగా చూసుకో అంది. తను ఒప్పుకున్నట్టే.

పాప పని వేరే పెట్టాను: చీకటి పడగానే సూర్యుడికి కుడివైపు కింద శుక్రుణ్ణి, ఎడమవైపు పైన గురుణ్ణి వెతకాలి. గురుడి దగ్గర 12పీ తోకచుక్క కూడా ఉంటుంది గాని మామూలు కంటికి ఆశ పెట్టుకోవట్లేదు.

వచ్చే శనివారం మళ్ళీ బార్డ్‌వెల్. ఈసారి వెడ్జ్ మెలిక కొలవడం ఒక్కటే పని. ఆ రాత్రి అక్కడే ధ్రువ నక్షత్రంతో సరిచేసి, ట్రాకర్ కదపకుండా అక్షాన్ని సున్నాకి దించి మళ్ళీ లేపి చూస్తే ఎంత పోతోందో తేలిపోతుంది. పోయేది ఎప్పుడూ ఒకే అంత అయితే ముందే అంత తగ్గించి పెట్టుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే వెడ్జ్ మార్చాలి. విలియమ్ ఆప్టిక్స్ వెడ్జ్ మీద కన్నుంది, కానీ ధర చూసి ఇంకా నొక్కలేదు.

వాతావరణం సంగతి ఏప్రిల్ 6 రాత్రి తేలుస్తాను. మబ్బులుంటే ఐ-35 మీద హిల్స్‌బరో వైపు, లేదా ఐ-30 మీద సల్ఫర్ స్ప్రింగ్స్ వైపు. రెండూ మధ్య గీతకి దగ్గరే. ఎనిస్ ఖాయమైతే పొద్దున ఆరింటికే బయల్దేరాలి, తొమ్మిదిన్నర నీడ నాకు కావాలి. పెట్రోలు ముందురోజే పోయించుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు ఐ-45 ఎలా ఉంటుందో చెప్పలేం. మర్నాడే ఉగాది, కాబట్టి వేపపువ్వు, మామిడికాయ ఆదివారమే కొని పెడుతున్నాం.