చోటు చాలని "కాదు"

హైదరాబాద్ నుంచి నర్సాపురానికి నేరుగా రైలుంది. అయినా రాజమండ్రిలోనే దిగాను. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని ఊరికి తీసుకెళ్లిన ప్రతిసారీ ధవళేశ్వరం మీదుగా తిప్పి తీసుకెళ్లేవాడు. "కాటన్ దొరని పలకరించకుండా వెళ్తే అన్నం అరగదురా" అనేవాడు. నాన్న పోయి ఏడాది దాటింది. మా మేనత్త ఫోన్ చేసి, "తాతగారి సమాధికి సున్నం వేయించాలి అబ్బాయ్, ఓసారి వచ్చి పో" అంటే జూన్ మొదటి వారంలో బయల్దేరాను.

సమాధి ఒక సాకు. అసలు సంగతి వేరే ఉంది. మా టీమ్ మూడున్నరేళ్లు కష్టపడి కట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఒక శుక్రవారం సాయంత్రం ఒక్క మెయిల్‌తో మూసేశారు. నా ఉద్యోగం పోలేదు, జీతమూ తగ్గలేదు. సోమవారం ఇంకో ప్రాజెక్టులో కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ పోగొట్టుకోనట్టే ఉండటం నన్ను ఎక్కువ కుంగదీసింది. నలభై ఆరేళ్లు వచ్చాయి, ఇప్పటిదాకా చేసిందాంట్లో ఏది మిగిలింది అని నిద్ర పట్టేది కాదు. క్రిస్మస్‌కి తప్ప చర్చికి వెళ్లని నేను రాత్రిళ్లు బైబిల్లోని ప్రసంగి గ్రంథం తెరిచేవాణ్ని. వ్యర్థము, వ్యర్థము, అంతా వ్యర్థమే. హీబ్రూలో ఆ మాట హెబెల్ అట. ఆవిరి, ఊపిరి అని అర్థం. చలికాలం పొద్దున నోట్లోంచి పొగలా వచ్చి మాయమైపోతుందే, అది.

ధవళేశ్వరం బ్యారేజి మీద ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను. 1832-33 కరువు, 1839 తుఫాను ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేశాక ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. నేను నిలబడింది మాత్రం ఆయన కట్టించిన దాని మీద కాదు. దాని స్థానంలో 1982కి పూర్తయిన కొత్త బ్యారేజి ఇది. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహమున్న మనిషి వేసిన రాయికే ఆ గతి పడితే నా సాఫ్ట్‌వేర్ ఎంత అనిపించింది. ఓదార్పుగా లేదు, నవ్వొచ్చింది.

ఆత్రేయపురంలో అత్తకి పూతరేకులు కొని, రావులపాలెంలో బస్సెక్కాను. సిద్ధాంతం వంతెన దాటి, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా నర్సాపురం. మార్టేరు వచ్చినప్పుడు పక్క సీటు పెద్దాయన చెయ్యి చూపించి, "స్వర్ణ ఇక్కడ పుట్టిందేనండి" అన్నాడు, మేనకోడలి గురించి చెప్తున్నట్టు. స్వర్ణ అంటే వరి రకం, ఎం.టి.యు. 7029. అదీ 1982లోనే వచ్చింది.

నర్సాపురం పేరు మా క్రైస్తవ సంఘాల్లో వేరేగా పలుకుతుంది. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో కలిసి 1836లో ఇండియాకి ఓడెక్కి, చివరికి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకరు రాతిపని చేసేవాడు, ఇంకొకరు చెప్పులు కుట్టేవాడు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. మొదట్లో వాళ్ల మాట విన్నవాళ్లు బహు తక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట కూలీలకి కూడా సువార్త చెప్పారని మా పెద్దలు చెప్పుకుంటారు. మా ముత్తాత ఆ పనికి వెళ్లాడో లేదో నాన్నకీ తెలియదు.

రేవులో నది దాటించే పంటు ఎక్కాను. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ఆటో, అంతర్వేది వెళ్లే కొత్త జంట, మేకపిల్ల. కింద వశిష్ఠ. కొద్ది దూరంలోనే సముద్రం. నదులన్నీ సముద్రంలో పడినా సముద్రం నిండదని ఆ ప్రసంగే అంటాడు. మళ్లీ అదే పాట మొదలైందని నన్ను నేనే తిట్టుకున్నాను.

అవతల సఖినేటిపల్లి దగ్గర చిన్న ఊరు మాది. అత్త అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. డెబ్బై మూడేళ్లు. మిషనరీ దొరసానులు నేర్పిన పని ఇది. నర్సాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చినంత వేగంగా కూలి రాలేదు, అది వేరే కథ. "ఎవరి బల్ల మీద పరుస్తారో ఎప్పుడైనా చూశావా అత్తా?" అన్నాను. "ఏజెంటు పట్టుకుపోతాడు. ఆ తర్వాత నాకేం తెలుసు? వంకర పోకుండా అల్లుతాను, అంతే" అంది, సూది ఆపకుండా.

ఆదివారం మందిరానికి వెళ్లాం. బయట చెప్పులు, లోపల చాపలు, ఆడవాళ్ల తలల మీద ముసుగులు. పాస్టరు లేడు. ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచే ముందు, మాట్లాడాలన్న భారం ఏ సహోదరుడికి కలిగితే ఆయన లేస్తాడు. ఆ రోజు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే ఒకాయన లేచి మొదటి కొరింథీయులు 15వ అధ్యాయం తీశాడు. మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదు అన్న చివరి వచనం. అది మా తాతగారి సమాధి మీద ఉన్న వచనమే. అత్త చెప్పి చదివించిందేమో అని అనుమానపడ్డాను. అబ్బే, అంది తర్వాత.

"ఈ మాట దేంతో మొదలైందో చూడండి. కాగా అని. కాగా అంటే పైన ఏదో చెప్పారన్నమాటండి. పైన యాభై ఏడు వచనాల్లో చెప్పింది ఏంటండి? ప్రభువు సమాధిలోంచి లేచాడు, మనమూ లేస్తాం. ఆయన లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థమని పౌలుగారే రాశారు. మనం బాగా చేశాం కాబట్టి మన పని నిలబడుతుందని ఎక్కడా రాయలేదండి. ఆయన లేచాడు కాబట్టి." ఇంతే. కూర్చున్నాడు. సిటీ చర్చిల్లో ప్రమోషన్లు, వీసాలు వాగ్దానం చేసే ప్రసంగాలు గంటలు గంటలు విన్నాను. అక్కడ నాకు దొరకనిది ఈయన మూడు నిమిషాల్లో చెప్పాడు. అంతా వ్యర్థం అన్న మాటకి జవాబు అదే మాటతో వచ్చింది. పైగా ఆ జవాబు నా పని మీద ఆధారపడలేదు. నమ్మేశానా? ఆ నిమిషంలో తెలియదు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, చాలా ఏళ్ల తర్వాత, పక్కకి జరపలేదు.

ఇంటికొచ్చేసరికి కౌలు రైతు పెరట్లో మండె కట్టి ఉంచాడు. విత్తనాలు ఒక రోజంతా నానబెట్టి, గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వేడెక్కి, పుల్లటి వాసన వస్తోంది. విప్పి చూద్దామని చెయ్యి పెట్టాను. "వద్దండి, ఊరికే విప్పి చూస్తే మొలక విరిగిపోద్ది" అన్నాడు. విత్తింది చస్తేనే గాని బతకదని అదే అధ్యాయంలో ఉంది. ఫోన్లో మా ఆవిడకి చెప్తే, ఆవిడ బయాలజీ టీచరు కదా, "గింజ చావదండీ, నీళ్లు పీల్చుకుని లేస్తుంది" అని దిద్దింది.

సాయంత్రం సమాధుల తోటకి వెళ్లాం. తాతగారు రాత్రిబడి నడిపేవారు. లాంతరు వెలుగులో కూలీల పిల్లలకి అక్షరాలు. 1996 నవంబరు తుఫానుకి ఆ పాక, ఆయన పాతిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. రెండేళ్లకి ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారని అడిగితే అత్త చెయ్యి ఊపింది. కొందరు కువైట్, కొందరు పోయారు, మిగతావాళ్లు తెలియదు.

సమాధి మీద వచనం చూసి ఆగిపోయాను. మేస్త్రీకి చోటు చాలలేదు. "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము" దాకా పెద్ద అక్షరాలతో చెక్కాడు. "కాదు" మాత్రం కింద మూలన, చిటికెన వేలంత. నాలుగడుగులు వెనక్కి వస్తే అసలు కనపడదు.

"అప్పుడు పోట్లాడాను, డబ్బులివ్వనన్నాను" అంది అత్త. "మీ నాన్నేమో పోనీలేవే, దగ్గరికొచ్చినవాళ్లకి కనపడుతుందిగా అన్నాడు."

సున్నం వేసినంతసేపు కూలీ, నేను, అత్త ఎవరం పెద్దగా మాట్లాడలేదు. అక్షరాలకి నీలం రంగు నేనే వేశాను. కుంచె లావుగా ఉంది, ఆ చివరి మాటకి పనికిరాలేదు. చూపుడువేలు ముంచి దిద్దాను, రెండుసార్లు.

మర్నాడు తిరుగు పంటు మీద టికెట్లిచ్చే కుర్రాడు నా వేలు చూసి, "ఇల్లు కడుతున్నారాండి?" అన్నాడు.

"లేదు తమ్ముడూ, మా తాతగారిది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. చిల్లర ఇచ్చి ముందుకెళ్లాడు.