నెయ్యి వద్దన్న పిల్లకి గుమ్మడికాయ సూపు

మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో వేగన్ అయింది, అంటే మాంసం, గుడ్లే కాదు, పాలూ నెయ్యీ కూడా ముట్టదు. ఇంట్లో మాంసం, గుడ్లు ఎటూ లేవు కాబట్టి పెద్ద గొడవేం ఉండదనుకున్నాం. వారం తిరక్కుండానే తెలిసొచ్చింది, మన శాకాహారం సగం పాడి మీదే నిలబడి ఉందని. పప్పన్నంలోకి నెయ్యి, చివర్లో పెరుగు, సాయంత్రం టీలోకి పాలు, పండగకి పరమాన్నం. అన్నిటికీ అడ్డంగా తల ఊపుతోంది. తెనాలిలో ఉన్న మా అమ్మ వీడియో కాల్‌లో బెంగపడిపోయింది. "నెయ్యి చుక్క లేకుండా తింటే ఎదిగే పిల్లకి బలం ఎక్కణ్ణుంచి వస్తుందే?" అని నన్ను, "ఒక్క స్పూనే బంగారం, ఆవు ఏమీ అనుకోదులే" అని దాన్ని. ఆవు తరఫున మాట్లాడే హక్కు ఎవరికుంది అన్న విషయం మీద అమ్మమ్మా మనవరాలూ చాలాసేపు వాదించుకున్నారు, ఒకరి మాటలు ఒకరికి సగమే అర్థమవుతూ.

ఇలాంటప్పుడు అమ్మానాన్నలం ముందు షాపుకి పరిగెత్తి వేగన్ వెన్న, వేగన్ చీజ్, వేగన్ పెరుగు తెచ్చేస్తాం. అవి చెడ్డవని అనను. కానీ ధర చూస్తే కడుపు మండుతుంది, డబ్బా వెనక రాసిన పేర్లలో కొన్నిటికి నోరు తిరగదు. అసలు పాలు లేకుండా చిక్కదనం, కమ్మదనం తెచ్చే పద్ధతులు మన వంటింట్లో ముందునుంచీ ఉన్నవే. పప్పు కట్టు ఉంది, పులుసు ఉంది, ఉలవచారు ఉంది. నువ్వుల పొడి, వేరుశనగ పొడి ఉన్నాయి. చాలా కూరల్లో, పులుసుల్లో నెయ్యి పైన వేసుకునేదే తప్ప లోపల నడిపించేది పప్పు, పులుపు, పోపు. దొరకని దానికి నకలు వెతికే బదులు ఇవి నేర్పితే పోలా అనిపించింది. అందుకు బాగా కలిసొచ్చిన కాలం ఇక్కడి అమెరికాలో ఫాల్, అంటే ఆకులు రాలే కాలం.

మేం ఉండేది బోస్టన్‌కి పడమటి వైపు. సెప్టెంబర్ చివరినుంచి నవంబర్ నెలాఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా రోడ్డు పక్కన పొలాల దగ్గరి స్టాళ్ళలో బటర్‌నట్, ఎకార్న్, కబోచా, డెలికాటా అని రకరకాల గుమ్మళ్ళు గుట్టలు పోసి ఉంటాయి. కేల్ అనే ఆకుకూర, లీక్స్, టర్నిప్, పార్స్‌నిప్, మట్టి అంటిన క్యారెట్లు సరేసరి. వీటిలో మా ఇంటి మనిషైపోయింది బటర్‌నట్. అది పుట్టింది కూడా మాకు దగ్గర్లోనే. 1940ల్లో స్టో అనే ఊళ్ళో చార్లెస్ లెగెట్ అనే ఆయన దాన్ని రూపొందించాడు. ఆ తరవాత వచ్చిన 'వాల్థమ్ బటర్‌నట్' రకానికి 1970లో ఆల్-అమెరికా సెలక్షన్స్ అనే, కొత్త విత్తన రకాలని పరీక్షించి ఎంపిక చేసే సంస్థ గుర్తింపు దొరికింది. ఇవాళ్టికీ విత్తనాల ప్యాకెట్ల మీద ఎక్కువగా కనిపించే పేరు అదే.

ఇందులో మా పిల్లకి నచ్చిన సంగతి వేరే ఉంది. బటర్‌నట్‌ది కుకుర్బిటా మోస్కాటా అనే జాతి. మన దగ్గర దప్పళంలో వేసే తీపి గుమ్మడికాయల్లో చాలా రకాలు ఆ జాతివే. ఆ జాతి మొత్తానికి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మిరపకాయ, టమాటా లాగే సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది. అమ్మ ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆరునెలలు ఉండేలా వచ్చింది. రాగానే మా పెద్దది ఆవిణ్ణి పట్టుకుంది.

"అమ్మమ్మా, మీ గుమ్మడికాయ మా ఊరిది!"

"బూడిద గుమ్మడి?"

ఫోన్‌లో వెతికింది. అది ఆసియాదే. "చూశావా మరి," అని అమ్మ ఆ ఆటని డ్రాగా ముగించింది.

కాయ కోసేటప్పుడు ఇంకో తగువు. ఆడవాళ్ళు గుమ్మడికాయకి ముందు కత్తి పెట్టకూడదని మా వైపు ఒక ఆచారం. మగవాళ్ళెవరైనా ఒక గాటు పెట్టి ఇస్తే తరవాత ఆడవాళ్ళు కోసుకుంటారు. అమ్మ మూడో తరగతి చదివే మా చిన్నాణ్ణి పిలిచి, వాడి చేతిమీద చెయ్యేసి గాటు పెట్టించబోయింది. పెద్దది ఊరుకుంటుందా. "వాడికి చాకు పట్టుకోవడమే రాదు, వాడెందుకు? బాయ్ అనా?" అమ్మ దగ్గర జవాబు లేదు. ఉన్నా అది దానికి సరిపడే జవాబు కాదని అమ్మకి తెలుసు. నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఇలాంటి చోట తల్లి నోరు మూసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఏ పక్షాన మాట్లాడినా రెండో వాళ్ళకి ఆ వంటగదిలో చోటు తగ్గుతుంది. చివరికి అమ్మ "నాకు మందులేసుకునే టైమైంది" అని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కాయ రెండు చెక్కలై ఉంది. ఎవరు కోశారని అడగలేదు. ఆ తరవాత ఇంట్లో ఎప్పుడు గుమ్మడికాయ కోసినా అమ్మకి మందుల టైమ్ అవుతూనే ఉండేది.

అక్టోబర్ నెలాఖరుకి వీధిలో ప్రతి గుమ్మం ముందూ కళ్ళూ కోరలూ చెక్కిన గుమ్మడికాయలు చూసి మాత్రం అమ్మ బాగా సంతోషించింది. "వీళ్ళూ దిష్టికి పెడతారన్నమాట!" అంది. హాలోవీన్ గురించి చిన్నాడు చెప్పబోయాడుగానీ వినిపించుకోలేదు. చెక్కడానికి అమ్మే ఆ పెద్ద కాయలు వంటకి మాత్రం కొనకండి. నీళ్ళగా, పీచుగా, చప్పగా ఉంటాయి. 'పై' అనే తీపి వంటకం కోసం 'పై పంప్‌కిన్' అని చిన్నవి విడిగా అమ్ముతారు, అవి నయం. బటర్‌నట్ ఇంకా నయం.

సూపు సంగతికొస్తాను. కిలో, కిలోంపావు ఉండే కాయని నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసేసి, నూనె రాసి, కోసిన వైపు కిందికి పెట్టి 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ముప్పావుగంట ఓవెన్‌లో పెడితే చాలు. తొక్క తీసే బాధ లేదు, గుజ్జు చెంచాతో వచ్చేస్తుంది. పచ్చికాయ తొక్క తీస్తే చేతులకి ఒక పొర అంటుకుని ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు, అందుకని ఇదే సుఖం. ఇంకో పక్క అర కప్పు ఎర్ర కందిపప్పుని ఉల్లిపాయ, అల్లం, పసుపుతో మెత్తగా ఉడికించాలి. ఇది క్రీమ్ చేసే పని చేస్తుంది; పైగా వంద గ్రాముల పప్పులో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, క్రీమ్‌లో అంత ఎక్కడిది. రెండూ కలిపి, నీళ్ళు పోసి, హ్యాండ్ బ్లెండర్‌తో నున్నగా చేయాలి. వేడివేడిది మిక్సీ జార్‌లో పోసి మూత బిగించకండి, ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది.

ఇక్కడి రెసిపీలు చాలావరకు ఈ దశలో కొంచెం జాజికాయ పొడి, క్రీమ్ వేసి ఆగిపోతాయి. నాకైతే అది పిల్లల పాయసమే. బటర్‌నట్ తియ్యటిది, తీగ నుంచి కోసిన తరవాత కొన్ని వారాలు నిలవుంటే పిండి చక్కెరగా మారి ఇంకా తియ్యనవుతుంది. దానికి పులుపూ కారమూ తగలాల్సిందే. ఉసిరికాయంత చింతపండు రసం, దంచిన మిరియాలు, జీలకర్ర వేసి ఒక పొంగు రానివ్వండి. పైన నువ్వుల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. పోపు రుచికే అనుకోవద్దు. గుమ్మడిలో ఉండే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. ఉడికించిన బటర్‌నట్ ఒక కప్పు తింటే రోజుకి కావలసిన విటమిన్ ఎ వచ్చేస్తుంది. ఇది చెబితే అమ్మ "బలం ఎక్కణ్ణుంచి" అన్న ప్రశ్న వారం రోజులు అడగలేదు.

గింజలు పారేయకుండా అమ్మ వేయించి, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లితో పొడి కొట్టేది. సూపు మీద చల్లితే చిన్నాడు పొడి మాత్రం నాకేసి సూపు అక్కకి తోసేవాడు. వాడి దారి వాడిది.

నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. కార్తీకమాసం కూడా అప్పుడే. సోమవారాలు ఉపవాసం ఉండి చుక్కలు చూశాక భోంచేసే అమ్మకి ఇది అమెరికాలో నచ్చిన మొదటి సదుపాయం. తెనాలిలో ఏడింటికి తినేది ఇక్కడ అయిదున్నరకే తినేస్తోంది. ఆ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి లేని పెసరకట్టు చేసేవాళ్ళం. పెసరపప్పు పల్చగా ఉడికించి, గిలక్కొట్టి, అందులో కేల్ వేయడం మా మార్పు. ఈ కేల్ వేసవిలో చేదుగా, గరుగ్గా ఉంటుందిగానీ మొదటి మంచు తగిలాక ఆకులో చక్కెర పెరిగి తియ్యబడుతుంది. మధ్యలో ఉండే ఈనె లాగేసి, సన్నగా తరిగి, చివర్లో అయిదు నిమిషాలు ఉడికితే చాలు. దించాక నిమ్మకాయ పిండేది రుచి కోసమే కాదు, ఆకుకూరలో, పప్పులో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి కూడా. నెయ్యి అమ్మ తన గిన్నెలో విడిగా వేసుకునేది, కొంచెం ఎక్కువే.

మనవరాలు స్కూల్లో నేర్చుకుని వచ్చి చేసింది ఇంకోటుంది. ఈ ప్రాంతపు మూలవాసుల్లో ఒకరైన వాంపనోగ్‌లు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ ఒకే చోట వేసేవారు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు వాటిని. మొక్కజొన్న కాడ మీదికి చిక్కుడు పాకుతుంది, చిక్కుడు నేలకి నత్రజని ఇస్తుంది, గుమ్మడి ఆకు నేలని కప్పి తేమ ఆరిపోకుండా, కలుపు రాకుండా చూస్తుంది. అమ్మ ఇది విని, "జొన్నలో కంది వెయ్యమూ? మీ తాత పొలంలో అదే," అంది. ఆ ఒక్క మాటకి పిల్ల పెన్నూ పుస్తకం తెచ్చుకుని తాత పొలం గురించి గంట అడిగింది. నేను పుట్టి పెరిగిన ఊరి గురించి నన్ను ఎప్పుడూ అడగనివన్నీ. మొక్కజొన్న గింజలు, నానబెట్టి ఉడికించిన రాజ్మా, బటర్‌నట్ ముక్కలు వేసి ఆ రోజు చేసిన సూపు రుబ్బలేదు, ముక్కలుగానే ఉంచాం. చింతపండు వద్దంది, టమాటా చాలంది. సరేనన్నాం. బాగానే ఉంది. నాకు పులుపు తక్కువైంది, అంతే.

స్కూలుకి థర్మాస్‌లో పంపేటప్పుడు ముందు మరిగిన నీళ్ళు పోసి అయిదు నిమిషాలుంచి, పారబోసి, అప్పుడు సూపు పోస్తే మధ్యాహ్నం దాకా వేడి ఆరదు. చిక్కదనానికి జీడిపప్పు రుబ్బి వేద్దామనుకునేవాళ్ళు ముందు స్కూలు వాళ్ళ రూల్ కనుక్కోండి. చాలా చోట్ల నట్ అలర్జీ ఉన్న పిల్లల కోసం జీడిపప్పు, బాదం తీసుకురానివ్వరు. పొద్దుతిరుగుడు గింజలు, కాసిన్ని ఓట్స్ అదే పని చేస్తాయి. బయట తినేటప్పుడు ఇంకో జాగ్రత్త. మెనూలో గుమ్మడి సూపు, కూరగాయల సూపు అని ఉన్నా చాలా చోట్ల చికెన్ స్టాక్‌తోనే చేస్తారు. మన శాకాహారులు చాలామంది తెలియక తాగేస్తుంటారు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఒక్క విషయంలో మాత్రం సూపుల మీద, అమ్మమ్మ మీద ఆధారపడలేం. విటమిన్ బి12 మొక్కల్లో దొరకదు. పాలూ పెరుగూ కూడా మానేసిన పిల్లకి మాత్ర గానీ, బి12 కలిపిన సోయా పాలు, సీరియల్ లాంటివి గానీ తప్పనిసరి. మా పిల్లల డాక్టర్ రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి కూడా చూసి చెప్పారు; ఇక్కడి శీతాకాలంలో అది చాలామందికి తక్కువే. మాత్ర వేసుకోవడానికి పిల్ల పేచీ పెట్టలేదు. రోజూ వేసుకుందో లేదో చూసే డ్యూటీ అమ్మ తీసుకుంది.

ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి ఫ్రెండ్ వాళ్ళింటికి మా పిల్ల పెద్ద గిన్నెడు బటర్‌నట్ సూపు పట్టుకెళ్ళింది. పోపు విడిగా చిన్న డబ్బాలో పెట్టించుకుంది, అక్కడికెళ్ళి వేడిచేసి వేస్తానని. ఎలా ఉందన్నారే అని అమ్మ అడిగితే, "వాళ్ళ గ్రాండ్‌పా రెండుసార్లు వేయించుకున్నాడు, కరివేపాకు పక్కకి తీసిపెట్టాడు," అంది. "మీ తాత కూడా అంతే," అంది అమ్మ.

కొనేటప్పుడు నాలుగు కాయలు ఎక్కువే కొనండి. దెబ్బ తగలనివి, తొడిమ ఊడనివి చూసుకుని, చల్లగా పొడిగా ఉండే బేస్‌మెంట్‌లో ఒకదానికొకటి తగలకుండా పరిచి పెడితే రెండు మూడు నెలలు నిలవుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, పాడవుతాయి. అక్టోబర్ చివర్లో కొన్నవి మాకు సంక్రాంతికి దప్పళంలోకి వస్తాయి. గుమ్మడి, ములక్కాడ, చిలగడదుంప, బెల్లం, చింతపండు: ఇందులో పాల సంగతే లేదు, ఆ పూట పిల్లకి వేరే వండక్కర్లేదు.