దాచిపెట్టిన ఆకుకూర

మా పెద్దమ్మాయికి 11 ఏళ్లు, చిన్నాడికి 7. డాలస్‌లో వాళ్ల కడుపులోకి ఆకుకూర వెళ్లాలంటే నాకు తెలిసిన దారి మిక్సీ ఒక్కటే. కంచంలో పాలకూర పప్పు కనపడితే చాలు, పెద్దది కుర్చీ వెనక్కి జరిపేది. అందుకని పొద్దున్నే వాళ్లు లేవకముందే రెండు గుప్పిళ్ల పాలకూర జార్‌లో వేసి, రంగు తెలియకుండా బ్లూబెర్రీలు, తీపికి అరటిపండు కలిపి స్మూతీలా తిప్పేసేదాన్ని. ఇందులో ఏముందని అడిగితే "పళ్లే" అనేదాన్ని. నాలుగేళ్లు అలాగే గడిచింది. స్కూల్ బస్సు వచ్చేలోపు గ్లాసు ఖాళీ అయితే హమ్మయ్య అనుకునేదాన్ని.

ఈ జూన్ మొదటి వారంలో సెలవులకి విశాఖపట్నం వచ్చాం. అమ్మావాళ్ల ఇల్లు ఎంవీపీ కాలనీలో. వచ్చిన మర్నాడే అలవాటు కొద్దీ మిక్సీ ముందు నిలబడ్డాను. బ్లూబెర్రీలు లేవు, బుట్టలో నేరేడుపళ్లు ఉన్నాయి. గింజలు తీసి పాలకూరతో కలిపి తిప్పితే బురద రంగు వచ్చింది. సరిగ్గా అప్పుడే పెద్దది వంటింట్లోకి వచ్చింది. జార్ వైపు చూసింది, గట్టు మీదున్న పాలకూర కాడల వైపు చూసింది.

"అమ్మా, మనింట్లో రోజూ ఇచ్చేది కూడా ఇదే రంగు కదా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా నాకు అంత బాధ ఉండేది కాదు. అమ్మ స్టవ్ దగ్గర్నుంచి అంతా విని, "తినేదాని పేరు చెప్పకుండా పెడితే పిల్లకి నోరెలా అలవాటవుతుందే? మందు మింగించినట్టు మింగించావా ఇన్నాళ్లూ?" అంది.

ఆ రోజంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. పేరు వింటే తాగరన్న భయంతో నేను ఆకుకూర అన్న మాటే ఇంట్లో వినపడనివ్వలేదు. పాలకూర, తోటకూర, బచ్చలి. ఈ మాటలు పిల్లలకి రాలేదంటే తప్పు ఊరిది కాదు, నాది.

మర్నాడు అమ్మ పెద్దదాన్ని రైతుబజారుకి తీసుకెళ్లింది. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, అమ్మ వెనక సంచి మోసింది నేనే. ఇప్పుడు ఆ సంచి నా కూతురి చేతికొచ్చింది. అమ్మ పాఠం చెప్పినట్టేం చెప్పలేదు. కట్ట తీసి దాని చేతిలో పెట్టడం, ఒక ఆకు తుంపి వేళ్ల మధ్య నలపమనడం, అంతే. బచ్చలి జిగురుగా తగిలింది. తోటకూర కాడ విరిస్తే టప్పుమంది. మునగాకు ఇంత చిన్నగా ఉంటుందా అని అది ఆశ్చర్యపోయింది. గోంగూర నలిపి, నాలుక చివర పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. ఆకులమ్మే ఆవిడ "ఏటమ్మా, పాప ఎప్పుడూ సూడలేదా?" అని నవ్వి, ఒక కొత్తిమీర కట్ట ఊరికే సంచిలో వేసింది. "గోంగూర పప్పుకి, పచ్చడికి. మిక్సీలో తాగేదానికి పనికిరాదు" అని అమ్మ చెబితే పెద్దది బుద్ధిగా తలూపింది.

ఆ తర్వాత స్మూతీ పని అమ్మమ్మా మనవరాళ్లదే. వాళ్లు కుదుర్చుకున్న పద్ధతి చెప్తాను, నేను డాలస్‌లో చేసినదానికంటే ఇదే బాగుంది. రెండు గ్లాసులకి ఒక గుప్పెడు లేత పాలకూర, నాలుగు పుదీనా ఆకులు. నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు కడగాలి, ఇసుక కాడల మొదట్లో దాక్కుంటుంది. ముందు ఆకులొక్కటే అర గ్లాసు కొబ్బరినీళ్లతో నిమిషం పాటు తిప్పాలి. అన్నీ ఒకేసారి వేస్తే మామూలు మిక్సీలో ఆకు నలగదు, పీచు పంటికి తగులుతుంది. తర్వాత ఒక చక్రకేళి, సువర్ణరేఖ మామిడి ముక్కలు, నానబెట్టిన బాదం నాలుగు. దించాక సగం నిమ్మచెక్క పిండాలి. నిమ్మ రుచికి మాత్రమే కాదు, ఆకులోని ఐరన్ ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడు కావాలి. పంచదార వద్దు. వడకట్టొద్దు, వడకడితే పీచంతా పోతుంది. ఎర్ర పళ్లు, నల్ల పళ్లు కలపకపోతే రంగు చక్కటి లేతాకుపచ్చ.

రోజూ పాలకూరే వేయనివ్వదు అమ్మ. పాలకూర, తోటకూరల్లో రాళ్లకి దారితీసే ఆక్సలేట్లనే పదార్థాలు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అందుకని ఒకరోజు కొత్తిమీర, ఒకరోజు మునగాకు. మునగాకు పచ్చిది ఎక్కువైతే చేదు. మొదటిసారి పెద్దది గుప్పెడు వేసేస్తే, ఎవరమూ తాగలేకపోయాం. ఇప్పుడు వేడినీళ్లలో ఒక్కసారి ముంచి, చెంచాడే వేస్తోంది.

నాన్న బీచ్ రోడ్డులో నడక ముగించుకుని వచ్చేసరికి ఆయనకీ ఒక గ్లాసు సిద్ధం చేసింది మనవరాలు. ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటారు. ఆకుకూరల్లోని కె విటమిన్ ఆ మందు పనికి అడ్డం పడుతుంది. కొంచెమేగా అని ఆయన అనబోతే నేనే ఆపాను. డాక్టర్‌ని అడక్కుండా ఇలాంటివి కొత్తగా మొదలుపెట్టకూడదు. పెద్దదాని మొహం చిన్నబోయింది. తాతయ్య దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గ్లాసులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పించుకున్నారు. తెలుగులోనే చెప్పింది. 'చక్రకేళి' దగ్గర తడబడితే ఆయన అందించలేదు, ఓపిగ్గా ఆగారు.

చిన్నాడు ఇంకా దారికి రాలేదు. మామిడిపండు పైపైన తిని గ్లాసు నా వైపు తోస్తాడు. తోయనీ. ఇక నేను వాడికి మాత్రం ఏదీ దాచి పెట్టను.

తిరిగొచ్చాక ఇక్కడి ఇండియన్ స్టోర్‌కి వెళ్లాం. ఆకుకూరల అర దగ్గర పేరు రాయని కట్టొకటి ఉంది. నేను చూసేలోపే పెద్దది ఒక ఆకు చివర నలిపి వాసన చూసింది.

"గోంగూర అమ్మా. స్మూతీకి వద్దు, పప్పుకి తీసుకుందాం."