క్యాలెండర్ మీద మొదటి రోజు చుట్టి పెట్టండి

కరోనా రెండో అల విరుచుకుపడ్డ 2021 మే నెలలో ఇంట్లో ఒకరికి ఒళ్ళు వెచ్చబడిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేది టెస్టు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, ఒళ్ళు నొప్పులో, గొంతు గరగరో, చలిజ్వరమో, ఏది ముందు మొదలైతే ఆ తేదీకి పెన్నుతో సున్నా చుట్టండి. అదే మొదటి రోజు. స్వాబ్ (టెస్టుకి ముక్కులోంచి తీసే నమూనా) ఇచ్చిన రోజు కాదు. పాజిటివ్ అని ఫోనుకి మెసేజ్ వచ్చిన రోజు అసలే కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువ ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే. సోమవారం నడుం లాగుతుంది. రోహిణి కార్తె కదా, "ఎండదెబ్బలే నాయనా, రెండు గ్లాసులు మజ్జిగ తాగి పడుకో" అంటారు. బుధవారం జ్వరం తగులుతుంది. గురువారం స్వాబ్ ఇస్తారు, ఆదివారానికి గానీ రిపోర్టు రాదు. ఇంట్లోవాళ్ళు ఆ ఆదివారం నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. ఒంటి లెక్కలో మాత్రం అది ఏడో రోజు. మొదటి వారం వైరస్ పెరిగే కాలం. ఆ తర్వాత వైరస్ మీద మన ఒళ్ళు చేసే యుద్ధమే ఊపిరితిత్తులకి చేటు తెస్తుంది. ఆక్సిజన్ పడిపోయేది ఎక్కువగా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యలో. జ్వరం నాలుగో రోజుకి తగ్గి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నాక, ఏడో రోజున మళ్ళీ తగిలితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లెక్క తప్పితే కాపలా కాయాల్సిన రోజుల్లో నిద్రపోతాం.

రెండో పని ఒక నోటుపుస్తకం. పిల్లల పాత రూళ్ళ పుస్తకమైనా చాలు. అడ్డంగా ఐదు గళ్ళు గీయండి: టైము, జ్వరం, ఆక్సిజన్, నాడి, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు. షుగర్ ఉన్నవాళ్ళకి ఆరో గడి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, పడుకునే ముందు. ఐదో రోజు దాటాక నడుమ ఇంకో రెండుసార్లు. అంతకు మించి వద్దు. పది నిమిషాలకోసారి వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న మీటర్) పెట్టి చూసుకుంటూ రాత్రంతా భయంతో కూర్చుంటే, ఆ భయానికే నాడి 110 దాటుతుంది. జ్వరం చూసేది మాత్రం మాత్ర వేయకముందు చూడాలి. పారాసిటమాల్ 650 వేసిన గంటకి చూసి "జ్వరం లేదు" అని రాసుకుంటే ఆ అంకెకి విలువ లేదు. మాత్రకీ మాత్రకీ ఆరు గంటలు, రోజుకి నాలుగు దాటకూడదు. నాలుగు వేసినా తగ్గకపోతే ఐదోది వేయొద్దు, డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇక ఆక్సీమీటర్. వేలికి పెట్టి నొక్కేదే కదా అనిపిస్తుంది గానీ, అది సరిగ్గా చెప్పాలంటే కొంచెం శ్రద్ధ కావాలి. బాత్రూమ్ నుంచి నడిచొచ్చిన వెంటనే పెట్టొద్దు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వేళ్ళు చల్లగా ఉంటే అరచేతులు రుద్ది వెచ్చబరచండి. గోళ్ళ రంగు ఉంటే తుడిచేయండి. నల్ల మెహందీ ఉన్న వేలు వదిలేసి ఇంకో వేలు చూడండి. చూపుడు వేలో నడిమి వేలో మీటర్ లోపలి చివరిదాకా దూర్చి, చేయి గుండె మీద ఆనించి కదలకుండా ఉంచాలి. కిటికీ ఎండ నేరుగా మీటర్ మీద పడకూడదు. మొదట కనిపించే అంకె రాయొద్దు. అది 88 అంటుంది, 93 అంటుంది, ఎగుడుదిగుడుగా ఆడుతుంది. నిమిషం ఆగి, ఒక చోట నిలబడ్డ అంకె రాసుకోండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దగ్గరగా చూస్తే గానీ తెలియదు. చిన్న మీటర్లలో అంకెలు గీతలు గీతలుగా ఉంటాయి. రోగి వేలికి పెట్టి మనం ఎదురుగా నిలబడి చూస్తే అవి తలకిందులుగా కనబడతాయి. 86 తలకిందులైతే అచ్చం 98 లాగే ఉంటుంది! "అమ్మకి 98 ఉంది, ఏం ఫర్వాలేదు" అనుకునే ఇంట్లో నిజంగా ఉన్నది 86 కావచ్చు. అందుకే ఎస్‌పీఓ2 (ఆక్సిజన్ శాతానికి గుర్తు) అన్న అక్షరాలు నిటారుగా కనబడే వైపుకి వచ్చి చదవండి. రెండో అంకె నాడిది. ఈ రెంటినీ తారుమారు చేసి రాసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకో పరీక్ష: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టండి. మీటర్ చూపే నాడికీ మీ లెక్కకీ చాలా తేడా ఉంటే ఆ మీటర్ చెప్పే ఆక్సిజన్‌నీ నమ్మొద్దు. ముందు బ్యాటరీలు మార్చి చూడండి, తర్వాత ఇంట్లో బాగున్న మనిషికి పెట్టి చూడండి.

పొగాకు పండే నేల మనది. చుట్ట, బీడీ బాగా తాగే పెద్దవాళ్ళ రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మీటర్‌కి దానికీ ఆక్సిజన్‌కీ తేడా తెలియదు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అలాంటి తాతకి 94 అని వచ్చిందంటే నిజం ఇంకా కిందే ఉండొచ్చు. చీమకుర్తి వైపు క్వారీల్లో ఏళ్ళ తరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్ళది ఇంకో తీరు. కొందరికి మామూలు రోజుల్లోనే 92, 93 ఉంటుంది. వాళ్ళ మామూలు అంకె ఎంతో మొదటి రోజే చూసి రాసుకుని డాక్టరుకి చెప్పాలి.

ఊపిరి లెక్క చాలామంది వదిలేస్తారు. దీనికి పైసా ఖర్చు లేదు. రోగికి చెప్పకుండా, పడుకుని ఉన్నప్పుడు పొట్ట పైకి లేవడం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. పెద్దవాళ్ళలో 24 దాటితే ఆసుపత్రి మాట ఆలోచించాలి, 30 దాటితే ఇక ఆలోచన లేదు. "ఆయాసమేమీ లేదు, ఫోన్లో బాగానే మాట్లాడతా ఉన్నాడు" అన్న మాట మీద భరోసా పెట్టుకోవద్దు. ఊపిరాడటం లేదన్న అలారం మన మెదడుకి ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగితేనే మోగుతుంది. ఈ జబ్బులో కొందరికి ఆక్సిజన్ పడిపోతున్నా అది పెరగదు. అందుకే 85 ఉన్న మనిషి కూర్చుని ఇడ్లీ తింటూ ఉంటాడు.

కూర్చున్నప్పుడు 94, ఆపైన ఉండి ఆయాసం లేనివాళ్ళకి నడక పరీక్ష పనికొస్తుంది. గదిలోనే, పక్కన ఒక మనిషి ఉండగా, ఆరు నిమిషాలు మామూలుగా నడిపించండి. అరవై దాటినవాళ్ళకి మూడు నిమిషాలు చాలు. నడక ముందు 97 ఉండి తర్వాత 94కి వస్తే, లేదా 94 కిందికి దిగితే, తల తిరిగితే, ఊపిరితిత్తుల్లో పని మొదలైందని అర్థం. ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

పల్లెల్లో జరిగే ఇంకో పొరపాటు చెప్పక తప్పదు. రెండో రోజో మూడో రోజో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కించి, అందులో డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) సూది వేస్తాడు. సాయంత్రానికి జ్వరం మాయం, ఆకలి పుడుతుంది, "చేయి మంచిది" అంటారు. డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడుతుందన్నది నిజమే. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్ తేల్చింది అదే: రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజులకి మించకుండా. అయితే అది ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి మేలు కనబడలేదు, కీడు జరగవచ్చన్న అనుమానమే మిగిలింది. ఒళ్ళు వైరస్‌తో పోరాడే తొలిరోజుల్లో దాని చేతులు కట్టేసినట్టవుతుంది. పైగా షుగర్ 300, 400 దాకా ఎగబాకుతుంది. 2021లో అంతగా వినబడిన బ్లాక్ ఫంగస్‌కి (ముక్కు, కన్ను పట్టే బూజు జబ్బు) అదుపు తప్పిన షుగర్, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్ రెండూ దారి వేస్తాయి. ఏ సూది వేశారో, ఎన్ని మిల్లీగ్రాములో అడిగి నోటుపుస్తకంలో రాయండి. అడగడం మర్యాద తక్కువ కాదు. కోలుకున్నాక కూడా కొన్ని వారాలు షుగర్ చూసుకుంటూ ఉండాలి. ఆ ఫంగస్ భయం ఉంది కాబట్టి, ముఖం ఒక పక్క వాచినా, కన్ను నొప్పి పెట్టినా, వస్తువులు రెండుగా కనబడినా, ముక్కులోంచి నల్లగా వచ్చినా, పన్ను కదిలినా ఆ పూటే డాక్టరుకి చూపించండి.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకని ఇచ్చిన మూలికల మందు సంగతి అప్పట్లో అడగని ఇల్లు లేదు. 2021 మే 21న అక్కడ వేలమంది తోసుకున్నది అందరం చూశాం. అందులో పాజిటివ్ ఉన్నవాళ్ళు, ఆక్సిజన్ చాలనివాళ్ళు, బాగున్నవాళ్ళు కలిసే నిలబడ్డారు. ఆ గుంపు గురించే నా బాధంతా. మీకు నమ్మకం ఉంటే ఉండనీయండి. ఆ నమ్మకంతో నోటుపుస్తకం మూసేయొద్దు, 92 ఉన్న మనిషిని కారెక్కించి ఆసుపత్రి దాటించి క్యూలోకి తీసుకుపోవద్దు.

గది విషయం. ఈ ఎండలకి తలుపులన్నీ వేసి ఏసీ పెట్టుకుంటే, రోగి వదిలిన గాలే గదిలో తిరుగుతుంది. టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటివైపుకి తిప్పి పెట్టండి, ఇంకో కిటికీ తెరవండి. ఇంట్లోకి వచ్చే తలుపు మూసి, కింద సందులో తడి గుడ్డ దోపండి. కిటికీకి పెట్టిన కూలర్ గాలిని లోపలికి తోస్తుంది, కాబట్టి అది నడిచేటప్పుడు ఆ తలుపు అసలు తెరవకూడదు. ఒకటే గది ఉన్న రేకుల ఇంట్లో వేరే దారి లేదు, పంచలోనో వేపచెట్టు నీడనో మంచం వేయడమే మంచిది. ఆరుబయట గాలి అన్నిటికన్నా మేలు. బాత్రూమ్ ఒక్కటే ఉంటే రోగి అందరికన్నా చివర వెళ్ళాలి, మాస్కు తీయకుండా. తర్వాత బాత్రూమ్ పై కిటికీ తెరిచి ఉంచి, వీలైనంత సేపు ఎవరూ వెళ్ళకుండా చూడండి. బాత్రూమ్ కడగడానికి బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్ళకి 30 గ్రాములు కలిపి, అది అడుగుకి దిగాక పైన తేరిన నీళ్ళు వాడండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. దాంట్లో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపొద్దు, వచ్చే విషవాయువు బాగున్న ఊపిరితిత్తుల్నే కాలుస్తుంది. ఈ జబ్బుతో వాసన తెలియకుండా పోయినవాళ్ళని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. చేపల పులుసు వాసన తెలియని ముక్కుకి గ్యాస్ లీకైనా తెలియదు.

ఆక్సిజన్ 94 కిందికి వచ్చి, బండి కోసమో బెడ్ కోసమో ఎదురుచూస్తున్న ఆ గంటల్లో బోర్లా పడుకోబెట్టడం బాగా పనికొస్తుంది. వీపు వైపు ఊపిరితిత్తుల భాగం తెరుచుకుంటుంది. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటి రెండు, మోకాళ్ళ కింద కాళ్ళకి రెండు. దిండ్లు లేకపోతే దుప్పట్లు చుట్టి వాడండి. నులక మంచం నడుమ కుంగిపోతుంది, దానికన్నా నేల మీద బొంత మేలు. అరగంట నుంచి రెండు గంటలు బోర్లా, తర్వాత కుడి పక్కకి, తర్వాత ఆనుకుని కూర్చోవడం, ఆపైన ఎడమ పక్కకి. తిన్న గంట దాకా వద్దు. గర్భిణులకీ, గుండె జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళకీ, వెన్నో తొడో విరిగినవాళ్ళకీ వద్దు.

సిలిండర్ దొరికినా అది ఆసుపత్రికి బదులు కాదు. లెక్క చూడండి: చిన్న బీ టైపులో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే ఐదు గంటలు. పెద్ద డీ టైపులో సుమారు 7000 లీటర్లు, అదే వేగంలో ఒక రోజు కూడా నిండదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషను, కాన్సంట్రేటర్ అయితే కరెంటు పోగానే ఆగిపోతుంది. ఆక్సీమీటర్‌లో 92 నుంచి 96 మధ్య నిలిస్తే చాలు, 99 చూడాలని తిప్పి సిలిండర్ ఖాళీ చేయొద్దు. ఆ గదిలో దీపం, అగరొత్తి, చుట్ట ఏదీ వెలగకూడదు.

ఎప్పుడు బయలుదేరాలన్నది మీరుండే చోటుని బట్టి ఉంటుంది. గంటలో మూడుసార్లు చూసినా 94 కిందే ఉంటే 104కి (2021లో కరోనా సాయానికి వాడిన నంబరు) ఫోన్ చేయాలి. నెల్లూరు టౌన్‌లోనో ఒంగోలులోనో ఉన్నవాళ్ళకి పెద్దాసుపత్రి దగ్గర. సీతారామపురం నుంచి నెల్లూరుకైనా, ఎర్రగొండపాలెం నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి రిమ్స్‌కైనా గంటల ప్రయాణం. అలాంటి చోట్ల 90 దాకా ఆగితే దారిలోనే 80 చూడాల్సి వస్తుంది. మాట తడబడినా, ఛాతీ పట్టేసినా, పెదాలు నీలంగా మారినా అంకె కోసం చూడకండి, 108 పిలవండి.

సంచి ఐదో రోజుకే సర్ది ఉంచండి. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలు అట్టలతో సహా, ఫోన్ ఛార్జర్, నీళ్ళ సీసా, గ్లాసు, దుప్పటి. నోటుపుస్తకం కూడా మనిషితోనే వెళ్ళాలి. మొదటి రోజు ఏదో, ఏ సూది ఎప్పుడు వేశారో, ఆక్సిజన్ ఏ పూట నుంచి దిగిందో డ్యూటీ డాక్టరుకి ఒక్క పేజీలో తెలుస్తుంది. వార్డులోకి పోయిన పుస్తకం మళ్ళీ మన చేతికి రాదు, బండి ఎక్కించే ముందే ప్రతి పేజీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.