ఋషికుల్య మొగ దగ్గర

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్లను చూడాలంటే బరంపురం స్టేషన్‌లో దిగాలి. ఒడియా రాదని బెంగపడక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ తెలుగు ఇప్పటికీ బజార్లో వినిపిస్తూనే ఉంది. అక్కడి నుంచి గోపాలపూర్ పదహారు కిలోమీటర్లు. దీపస్తంభం, పాత రేవు తాలూకు మొండిగోడలు, వాటిని దాటితే సముద్రం. మా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలికి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్లు ఎందరో ఈ రేవులోనే ఓడ ఎక్కారు. ఆ గోడల పక్కన కాసేపు నిలబడకుండా ముందుకు వెళ్లలేకపోయాను.

తీరం వెంట నడవాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. ఏప్రిల్ ఎండ ఎనిమిదికల్లా కాళ్లు కాల్చేస్తుంది. ఒకచోట వంగి ఇసుక చూశాను. తెల్లటి ఇసుక మీద నల్లటి చారలు, పక్కనే లేత ఎరుపు. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. ఛత్రపురం దగ్గర ఈ ఖనిజాలనే తవ్వి తీస్తారు. ప్రతి కెరటం తేలికపాటి రేణువులను లాక్కుపోయి బరువైనవాటిని వదిలేస్తుంది కాబట్టి చారలు ఏర్పడతాయి. ఎండ్రకాయలు ఆ చారల మధ్యే బొరియలు తోడి, ఇసుక ఉండలు పోగు పెడుతున్నాయి.

నీళ్లలోకి మాత్రం ఒంటరిగా దిగకూడదు. ఇక్కడ కెరటం విరిగి వెనక్కి లాగే ఊపు గట్టిది. ఒడ్డున నోలియాలు ఉంటారు. తరతరాలుగా తెప్పల మీద బతికిన తెలుగు మత్స్యకారులు. నా చెయ్యి పట్టుకున్న పెద్దాయన ఒకే మాట చెప్పాడు: "ఎదురెల్లకు బాబూ, ఇరిగే ముందే కిందికి ములిగిపో." ములిగాను. తల మీదుగా కెరటం వెళ్లిపోయింది, పైకి లేచేసరికి ఆయన పట్టు అలాగే ఉంది. ఇంతకంటే గొప్ప నీటి ఆట నాకు తెలియదు.

అయితే నేను వచ్చింది తాబేళ్ల కోసం. ఛత్రపురం మీదుగా ఋషికుల్య వంతెన దాటితే గంజాం ఊరు, ఆపైన పురుణబంధ, గోఖరకుద, పొడంపేట. మొగకు ఉత్తరాన ఈ ఊళ్ల ఎదుటి తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని బయటి శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చాయి. ఒక్కోటి మూరెడు లోతు గుంట తవ్వి వంద పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు.

కుక్కలూ నక్కలూ రాకుండా అటవీశాఖ వల కట్టింది. అక్కడి కుర్రాడొకడు మాకు తోడు వచ్చాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. "ఫోన్ లైటు ఆపండన్నా," అన్నాడు ముందే. పిల్లలు వెలుతురు వైపే వెళ్తాయి. సహజంగా రాత్రిపూట సముద్రమే వెలుగు. దూరాన హైవే దీపాలు కనిపిస్తే అటు మళ్లి ఎండిపోతాయి. కొద్దిసేపటికి నా కాళ్లకు బారెడు దూరంలో ఇసుక కదిలింది. ఒక ముక్కు, ఒక రెక్క, తర్వాత ఒక్కసారిగా పాతికో ముప్పయ్యో, బొటనవేలంత ఉంటాయేమో, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పైకి పొంగాయి. దారి తప్పినవాటిని ఆ కుర్రాడు బకెట్లో ఏరి తెచ్చాడు కానీ, నీళ్లలో వదల్లేదు. కెరటానికి కాస్త ఇవతలే దించాడు. ఆ కొద్ది నడక అవి నడవాల్సిందేనట. వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్ప.

ఈ మొగ చుట్టూ నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు మరబోట్ల వేట నిషేధం. ఏడు నెలలు! మనం చప్పట్లు కొట్టి వెళ్లిపోయే దృశ్యానికి ఖర్చు భరిస్తున్నది ఈ జాలరి వాడల వాళ్లు. ఆ కుర్రాడి నాన్నదీ వేటే. అయినా రాత్రంతా బకెట్ పట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్లకిచ్చే సాయం పెంచాలని నా గట్టి అభిప్రాయం.

మర్నాడు రంభ వెళ్లి చిలిక సరస్సులో బోటెక్కాం. బాగానే ఉంది గానీ వలస పక్షులు అప్పటికే వెళ్లిపోయాయి, వాటి కోసమైతే డిసెంబర్, జనవరిలే సరి. తాబేలు పిల్లలు చూడాలనుకునేవాళ్లు ముందు ఆ ఏడు గుడ్లు పెట్టాయో లేదో కనుక్కోండి, కొన్నేళ్లు గుంపులుగా రానే రావు. గుడ్లు పెట్టిన నలభై అయిదు రోజుల తర్వాత బయల్దేరండి. ఊరివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి, వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పెట్టండి.