ల్యాబులో ఆర్యపల్లి ఇసుక

సోమవారం రాత్రి, బరంపురం

రేడియోధార్మికత కొలవడానికి ఆర్యపల్లి ఒడ్డు నుంచి తెచ్చి సీలు వేసిన ఇసుక డబ్బాలకు ఇవాళ్టితో గడువు తీరింది. పొద్దున్నే మా యూనివర్సిటీ ఉన్న భంజ విహార్‌కి బస్సెక్కేశాను. ఇన్నాళ్లు ఎందుకు ఆగాలని కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలు అడుగుతుంటారు. ఇసుకలోని రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది, దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షీణించడానికి పట్టే కాలం, 3.8 రోజులు. గాలి చొరకుండా మూత బిగించి దాదాపు నాలుగు వారాలు ఉంచితే, ఎంత పుడుతోందో అంతే క్షీణించే స్థితికి వస్తుంది. అప్పుడు కొలిస్తేనే లెక్క నిలుస్తుంది. ఈ పనిలో నాకు ఈ ఓపికే ఇష్టం.

ముందు సీజియం, కోబాల్ట్‌లతో గామా కిరణాల శక్తిని కొలిచే డిటెక్టరుని సరిచూశాను. 662, 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు... శిఖరాలన్నీ వాటి చోట్ల అవి ఉన్నాయి. తర్వాత ఖాళీ డబ్బా. ఉత్త డబ్బాని సీసం ఇటుకల మధ్య పెట్టి గంటల తరబడి లెక్కించాలి. గోడల్లోంచి, గాలిలోంచి వచ్చేదెంతో తెలిసి తీసేస్తే గాని ఇసుకది ఎంతో తేలదు.

మధ్యాహ్నం దాటాక ఇసుక పెట్టాను. కాసేపటికే తెర మీద కుడి చివర 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గీత పైకి లేచింది. థాలియం-208. థోరియం ఒక్కో మూలకంగా మారుతూ క్షీణించే గొలుసులో దాదాపు ఆఖరి కొస. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది నాకు. థోరియం అర్ధాయువు సుమారు 1,400 కోట్ల ఏళ్లు, విశ్వం వయసే దాదాపు 1,380 కోట్లు. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఏరులు మోసుకొచ్చిన ఇసుకని అలలు చేటతో చెరిగినట్టు చెరిగి, థోరియం ఉండే బరువైన మోనజైట్‌ని, నల్లటి ఇల్మనైట్‌ని ఒడ్డున వదిలాయి. ఛత్రపురం దగ్గర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్లు ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ తీసేది ఈ ఇసుకలోంచే.

ఇసుక ఎత్తుతున్న రోజు వల బాగుచేసుకుంటున్న మామ్మ ఒకావిడ అడిగింది: "ఏటి తల్లీ, ఈ ఇసక ఎత్తుకెళ్లి ఏటి సేత్తావు? మాకేటైనా అవుద్దేటి?" కేరళలో కరునాగపల్లి తీరాన ఇలాంటి ఇసుక మీదే బతికే దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించారనీ, 2009లో అచ్చయిన ఫలితాల్లో ఆ నేల నుంచి వచ్చే గామా కిరణాల వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదనీ చెప్పాను. నిజమే చెప్పాను. కానీ అది వాళ్ల ఊరి సంగతి. ఆవిడ అడిగింది తన ఊరి గురించి. పైగా ఇంటి గచ్చులోకీ ఈ ఇసకే పోశామంది.

అప్పటినుంచీ అదే ఆలోచన. మనిషికి ఏడాదికి సహజంగా తగిలే రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులంటారు. అందులో ఒడ్డున నిలబడ్డప్పటి కంటే ఇంట్లో ఉన్నప్పుడు చేరేదే ఎక్కువ, ఎందుకంటే రోజులో ఎక్కువ గంటలు గడిచేది ఇంట్లోనే. మా పట్టికలో ఉన్నవన్నీ ఒడ్డు పాయింట్లే. ఇళ్లలోనూ కొలుద్దామని సాయంత్రం సారుతో అన్నాను. నేలకి ఒక మీటరు ఎత్తున గామా డోసు, దాంతోపాటు రేడాన్, థోరాన్ కూడా. థోరియం గొలుసులో పుట్టే రేడాన్ రకమే థోరాన్. దాని అర్ధాయువు నిమిషం లోపే, గచ్చుకి దగ్గరగానే ఉంటుంది. చాపేసుకుని నేల మీద పడుకునేవాళ్ల ఇళ్లలో అది వదిలేయకూడదు. సారు కాసేపు ఆలోచించి, ముందు ఊరి పెద్దల్ని కలిసి ఒప్పించి రమ్మన్నారు.

ఆదివారం వేటకి సెలవుంటే మగవాళ్లు కూడా దొరుకుతారు. అమ్మని వెంట తీసుకెళ్తాను, ఆ పేటలో మాట కలపడం ఆవిడకి నాకంటే బాగా వచ్చు.