నూతి గట్టు మీద పాట

ఇందుకూరుపేట పక్కన మా రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా ఉన్నప్పుడు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల హోరులో కూడా నాకు చెవికెక్కే పాట ఒకటుంది. 1983లో వచ్చిన ‘సాగర సంగమం’లోని ‘తకిట తధిమి’. విడిగా వింటే హుషారుగానే ఉంటుంది. మా కుర్రాళ్లు ఖాళీ మేత బకెట్ బోర్లించి దరువేస్తారు కూడా.

సినిమా చూసినవాడి సంగతి వేరు. అందులో ఓడిపోయిన నాట్యకారుడైన కమల్ హాసన్ తప్పతాగి నూతి గట్టు మీద ఆడుతుంటాడు. వేదిక మీద వేయాల్సిన అడుగులవి. వేటూరి పల్లవిని జతులతోనే, అంటే నాట్యానికి పలికే ‘తకిట’ లాంటి తాళపు పలుకులతోనే ఎత్తుకున్నాడు చూడండి, అక్కడుంది కిటుకు. ఆ మనిషికి బతుకు తప్పింది గానీ తాళం తప్పలేదు. ఇళయరాజా కూడా ఏడుపు వయొలిన్లతో జాలి గుంజకుండా లయనే నమ్ముకున్నాడు. ఇక బాలు గొంతు తూలినట్టే ఉంటుంది, శ్రుతి కదలదు. (తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో కంచి మఠానికి ఇచ్చేసిన మనిషి. మా నెల్లూరోళ్లకు ఆయనంటే కాస్త పక్షపాతం, ఏమనుకోకండి.)

ఇంత బాధున్న పాటను పెళ్లి సంగీత్‌లో వేసి గెంతుతుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.